సంతకం పెట్టే ముందు: పొరుగువాళ్ల అర్జీల మీద పది అనుభవ పాఠాలు

అశ్వారావుపేట చుట్టుపక్కల ఊళ్లలో పొరుగువాడు తలపెట్టిన పనికి మన ఒప్పుదల అడిగే సందర్భం ఏటా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఒకరు పామాయిల్ తోటకు ఇంకో బోరు వేస్తామంటారు. ఒకరు ఊరి పక్కన కోళ్ల షెడ్డు కడతామంటారు. మరొకరు రోడ్డు వార పొలాన్ని ప్లాట్లు చేస్తామంటారు. ఇంకా పెద్దదైతే మిల్లు, క్వారీ, కాలువ, ప్రాజెక్టు. పంచాయతీలో కూర్చున్నవాడిగా, తగువులు తీర్చమని నలుగురూ పిలిచే పెద్దమనిషిగా ఇలాంటి అర్జీలు నా ముందుకు చాలా వచ్చాయి. కొత్తగా వార్డు మెంబర్లయిన పిల్లలు, గ్రామసభలో మొదటిసారి చెయ్యెత్తబోయే ఆడపిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు: ఒప్పుకోవాలా, వద్దనాలా, ఎలా తేల్చుకోవాలి? నాకు తెలిసింది ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. మనిషిని చూసి చెప్పకండి, నేలను చూసి చెప్పండి

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే. అర్జీ పెట్టినాయన మంచివాడు కావచ్చు. మన పిల్ల పెళ్లికి వచ్చి రెండు రోజులు నిలబడి పనిచేసినవాడు కావచ్చు. అయినా ఆయన షెడ్డు అమ్ముకుని వెళ్లిపోవచ్చు, లీజుకివ్వచ్చు, ఆయన తర్వాత కొడుకులు నడపవచ్చు. మనం ఇచ్చిన ఒప్పుదల మాత్రం ఆ సర్వే నంబరు మీదే ఉండిపోతుంది. అందుకే ఏ అర్జీ వచ్చినా నన్ను నేను ఒకటే అడుగుతాను: ఇదే పనికి ముక్కూముఖం తెలియనివాడు వచ్చి అడిగితే ఏమంటాను? తెలియనివాడికి వద్దనేదైతే మన బావమరిదికీ వద్దనాలి. తెలియనివాడికి సరే అనేదైతే, మనతో మాటలు లేని పొరుగువాడికీ సరే అనాలి. అర్జీదారు మనకు బాకీ ఉన్నా, మనం ఆయనకు బాకీ ఉన్నా, వియ్యమందినా, ఆ రోజు కుర్చీలోంచి లేచి పక్కకు వెళ్లడమే మర్యాద. ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో రాయించి మరీ వెళ్లాలి.

2. కాగితం చదివాక నేల మీదికి వెళ్లండి

ప్లాను కాగితం మీద అన్నీ నీటుగానే కనబడతాయి. నేల మీద గట్టు వంకరగా ఉంటుంది, వాగు కోసుకుపోయి ఉంటుంది, నలభై ఏళ్లుగా బండ్లు నడిచిన బాట ఏ నక్షాలోనూ ఉండదు. అర్జీదారుని వెంటబెట్టుకుని వెళ్లి, కట్టబోయే చోట నాలుగు మేకులు పాతించి తాడు కట్టించండి. గోడ ఎంత ఎత్తు వస్తుందో ఒక వెదురు గడ నిలబెట్టి చూపించమనండి. పక్క రైతును కూడా అక్కడే నిలబెట్టి చూడమనండి. కాగితం చూసి గంటలకొద్దీ కొట్లాడుకున్నవాళ్లు తాడు చూశాక మాట తగ్గించడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకో మాట. మన దగ్గర నేల కాలానికో రకంగా ఉంటుంది. ఏప్రిల్‌లో చూసినవాడికి శ్రావణంలో అక్కడ నీళ్లు ఎంత లోతు నిలుస్తాయో తెలియదు. వానాకాలంలో చూసినవాడికి ఎండల్లో బోర్లు ఎలా ఎండుతాయో తెలియదు. రెండు కాలాలూ మనం చూడలేకపోతే, చూసినవాళ్లను అడగాలి. పశువులు కాసేవాళ్లకు తెలిసినంతగా నేల వాలు ఇంకెవరికీ తెలియదు.

3. ఆ నేల అర్జీదారుదేనా?

మండలంలోని ఏజెన్సీ ఊళ్లలో ఈ ప్రశ్న వేయకుండా ముందుకు కదలకూడదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. అదే మనమంతా 1/70 అని పిలుచుకునే చట్టం. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదలాయిస్తే ఆ బదలాయింపు చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, కొనేవాడు గిరిజనుడే కావాలి. పోడు పట్టాల సంగతి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన హక్కు పిల్లలకు వారసత్వంగా వస్తుంది గానీ, దాన్ని అమ్మడానికి, ఇంకొకరికి రాసివ్వడానికి వీల్లేదు.

కాబట్టి ఒక కోయ రైతు పేరు మీద అర్జీ వచ్చి, మాట్లాడేదీ డబ్బు పెట్టేదీ వేరొకరైతే, అక్కడే ఆగండి. పనికి ఒప్పుదల ఇచ్చామంటే ఆ చాటు బేరానికి ఊరే సాక్ష్యం చెప్పినట్టవుతుంది. మామూలు పట్టా భూమైనా సరే, పొలాన్ని ఇళ్ల స్థలంగానో ఫ్యాక్టరీ స్థలంగానో మార్చాలంటే ముందు నాలా కన్వర్షన్ కావాలి. ఆ కాగితం లేకుండా ప్లాట్లకు హద్దురాళ్లు పాతేవాళ్లను నమ్మి కొనుక్కున్న బీదాబిక్కీ చివరికి పంచాయతీ చుట్టూనే తిరుగుతారు.

4. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, ఎక్కడికి వదులుతారు?

మన ప్రాంతంలో వచ్చే తగువుల్లో చాలావాటికి మూలం నీళ్లే. అందుకే దీని మీద ఎక్కువసేపు నిలబడతాను.

ముందు తీసుకునే నీళ్ల లెక్క. పామాయిల్ మొక్కలు తొమ్మిది మీటర్ల ఎడంలో, ముక్కోణపు పద్ధతిలో వేస్తే ఎకరానికి 57 పడతాయి. ఎదిగిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 200 లీటర్ల దాకా కావాలి. అంటే ఎకరానికి రోజుకు పదకొండు వేల లీటర్ల పైమాటే. పదెకరాల తోటకు కొత్త బోరు అంటే రోజుకు లక్ష లీటర్లు నేలలోంచి లాగే అర్జీ అన్నమాట. డ్రిప్ పెడతారా, కొత్త బోరు మంచినీటి బోరుకు ఎంత దూరం అని అడగడం మన బాధ్యత. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల కొత్త బావిగానీ బోరుగానీ వేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అధికారుల అనుమతి కావాల్సిందే. టేపు పట్టి కొలవడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు బద్ధకిస్తే గూడెం ఆడవాళ్లు వేసవంతా బిందెలు మోయాలి.

తర్వాత వదిలే నీళ్ల లెక్క. గోడ కడితే వాననీరు ఎటు తిరుగుతుంది? లేఅవుట్ కోసం మెరక చేస్తే ఆ నీరు ఎవరి ఇంట్లోకి దిగుతుంది? షెడ్డు కడిగిన నీళ్లు ఏ వాగులో కలుస్తాయి? వాగు మీద ఏ చిన్న కట్టడమైనా సరే, కింది ఊళ్ల సంగతి తేలకుండా ఒప్పుకోకూడదు.

ఇందుకు మన కళ్ల ముందున్న సాక్ష్యం పెదవాగు. గుమ్మడవల్లి దగ్గరి ఈ ప్రాజెక్టు కట్ట మన మండలంలో ఉంది. దాని కింద సాగయ్యే భూమిలో ఎక్కువ భాగం రాష్ట్రం విడిపోయాక ఆంధ్ర వైపు వెళ్లింది. 2021 గెజెట్ తర్వాత అది గోదావరి నదీ యాజమాన్య బోర్డు చూడాల్సిన ఉమ్మడి ప్రాజెక్టు అయింది. 2024 జులై 18న కుండపోత వానకు కట్ట తెగింది. నీళ్లు రాత్రికి రాత్రే వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్ల మీదికి పోయాయి. ఇళ్లు, పశువులు, పైరు కొట్టుకుపోయాయి. పొలాల్లో ఇసుక మేట వేసింది. కట్ట ఉన్న చోటు ఒక రాష్ట్రం, ముంపు చూసిన చోటు మరో రాష్ట్రం. అప్పటి నుంచి నేను ప్రతి అర్జీకీ ఒక ప్రశ్న కలుపుతున్నాను: కట్టాక దీన్ని ఏటా చూసుకునేది ఎవరు, ఆ ఖర్చు ఎవరిది? దీనికి జవాబు లేని పని ఎంత మంచిదైనా సగం పనే.

5. దెబ్బ తగిలేవాళ్లందరినీ పిలవండి

అర్జీదారు తీసుకొచ్చే సంతకాల్లో చాలావరకు ఆయనకు అనుకూలమైనవాళ్లవే ఉంటాయి. అది సహజం. ఆ కాగితంలో లేని పేర్లు వెతకడం మన పని. గాలి ఎటు వీస్తుందో, లారీ ఎటు తిరుగుతుందో, నీరు ఎటు జారుతుందో చూస్తే ఎవరిని పిలవాలో తెలిసిపోతుంది. అందులో పక్క ఊరివాళ్లుంటే పక్క ఊరికీ కబురు పెట్టాలి.

పోలవరం సంగతి మనకు చాలా దగ్గరిది. 2014లో ముంపు ప్రాంతమని చెప్పి ఏడు మండలాలను ఆంధ్రలో కలిపినప్పుడు, అప్పటిదాకా మన నియోజకవర్గంలోనే ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు అటు వెళ్లిపోయాయి. అంతకుముందే ఈ ప్రాజెక్టు అనుమతికి ఒక పెద్ద అడ్డు వచ్చింది. 2005లో ఇచ్చిన పర్యావరణ అనుమతిని 2007లో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ కొట్టేసింది. ముంపు పడే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరపలేదన్నదే కారణం. ఆ తర్వాత హైకోర్టుకెళ్లి ఆ ఉత్తర్వు అమలును ఆపించుకున్నారు. తగవు మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. ఎవరిని అడగలేదో వాళ్ల దగ్గరే పెద్ద పెద్ద పనులు కూడా చిక్కుకుంటాయి. మన ఊరి కోళ్ల షెడ్డుకూ ఇదే నీతి.

పిలవడం అంటే డప్పు వేయించి ఊరుకోవడం కాదు. అటవీ హక్కుల గ్రామసభకు సగం మంది సభ్యులు రావాలని, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలని నిబంధన ఉంది. మిగతా సభలకు కూడా దీన్నే కొలతగా పెట్టుకోమంటాను. నీళ్లు, కట్టెలు, పిల్లల బడి దారి గురించి సరిగ్గా చెప్పగలిగేది ఆడవాళ్లే. వాళ్లు కూలికెళ్లే వేళ సభ పెట్టి, ఎవరూ రాలేదని రాసుకోవడం అన్యాయం.

6. అభ్యంతరం ఏమిటో పేరు పెట్టి చెప్పించండి

"నాకిష్టం లేదు" అంటే అభ్యంతరం కాదు. కంపు వస్తుందా, ఈగలు పెరుగుతాయా, రాత్రి మోత ఉంటుందా, బోరు ఎండుతుందా, దారి మూసుకుపోతుందా, కిటికీకి వెలుతురు పోతుందా, ఒక్కొక్కటీ విడివిడిగా చెప్పించండి. ఆ పైన అది నిజమో కాదో కొలిచి చూడండి. కోళ్ల ఫారాలు నివాసాలకు 500 మీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాల్లో ఉంది. కొలతకు అలాంటి ఆధారం దొరికినప్పుడు మన నోటి మాట కన్నా అదే గట్టిది.

కొన్నిటిని లెక్కలోకి తీసుకోకూడదు. వాడు బాగుపడిపోతాడేమోనన్న దుగ్ధ, వాడి కులం, పాత ఎన్నికల కక్ష, మన పొలం కన్నా వాడి పొలానికి ధర పెరుగుతుందన్న బాధ ఇవన్నీ సభలో వేరే ముసుగు వేసుకుని వస్తాయి. వాటిని గుర్తుపట్టి పక్కన పెట్టాలి. మేలు కూడా అంతే నిజాయితీగా లెక్కేయాలి. గెల కోసిన 24 గంటల్లోపు మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. అందుకే పామాయిల్ రైతుకు మిల్లు దగ్గర్లో ఉండటం జీవనాధారం. అశ్వారావుపేట, అప్పారావుపేటల్లో ఆయిల్‌ఫెడ్ మిల్లులుండబట్టే ఈ చుట్టుపక్కల తోటలు ఇంతగా నిలబడ్డాయి. మిల్లు పక్కన ఉండే ఇళ్లవాళ్లకు పొగ, వాసన, లారీల రద్దీ కూడా అంతే నిజం. మేలు పదూళ్లకు పంచుకుపోయి, కష్టం ఒక్క వాడకే మిగిలితే, ఆ వాడ మాటకు ఎక్కువ బరువు ఇవ్వాలి.

7. సరే, వద్దు అనే రెండు మాటల మధ్య షరతు ఉంది

చాలా అర్జీలు మొత్తంగా కొట్టేయాల్సినవి కావు, ఉన్నవి ఉన్నట్టు ఒప్పుకోవాల్సినవీ కావు. షెడ్డును యాభై అడుగులు జరిపితే సరిపోతుంది. గేటు ఇటు కాకుండా అటు పెడితే బడి పిల్లలకు ఇబ్బంది ఉండదు. లారీలు బడి విడిచే వేళ తిరగకపోతే చాలు. లేఅవుట్‌లో ఉమ్మడి అవసరాలకు వదలాల్సిన పది శాతం స్థలం వాగు గుంతలో కాకుండా ఊరి వైపు చూపిస్తే చాలు.

షరతు పెట్టేటప్పుడు కొలిచి చూడగలిగేదే పెట్టండి. "పరిశుభ్రంగా ఉంచాలి" అని రాస్తే రేపు ఎవరి అర్థం వాళ్లది. "ఎరువు మూడు రోజులకోసారి ఎత్తాలి, గుంతకు సిమెంటు అడుగు వేయాలి, తూర్పు గట్టు వెంట రెండు వరసల చెట్లు పెంచాలి" అని రాస్తే ఎవరైనా వెళ్లి చూడగలరు. మిల్లులాంటి పెద్ద పనికి కాలుష్య నియంత్రణ మండలి నుంచి కట్టడానికి ఒకటి, నడపడానికి ఒకటి, రెండు విడి అనుమతులు కావాలి. మొదటిదాని షరతులు తీరాయో లేదో రెండోది ఇచ్చేముందు చూస్తారు. మన ఊరి షరతులు కూడా ఆ రెండు మెట్ల దగ్గరా వినబడేలా లిఖితంగా పంపాలి.

8. చదవనిదానికి వేలిముద్ర వేయకండి

ఖాళీ కాగితం మీద సంతకం ఎంత దగ్గరివాళ్లు అడిగినా పెట్టవద్దు. తీర్మానం రాసేది సెక్రటరీ గారే అయినా, రాసింది సభలో అందరికీ వినబడేలా చదివి వినిపించమని అడగండి. ఇది మర్యాద తప్పడం కాదు. పెద్ద ప్రాజెక్టుల ప్రజాభిప్రాయ సేకరణకు 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లోనే ఈ పద్ధతి రాసి ఉంది. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. కలెక్టరుగానీ అదనపు కలెక్టరు హోదాకు తగ్గని అధికారిగానీ సభకు అధ్యక్షత వహించాలి. చివర్లో మినిట్స్ స్థానిక భాషలో చదివి వినిపించాలి. సభకు రాలేనివాళ్లు అభ్యంతరాన్ని రాసి పంపవచ్చు. అంత పెద్ద సభలోనే అది హక్కయినప్పుడు, మన గ్రామసభలో అడగడానికి మొహమాటం ఎందుకు?

అసలు మనల్ని అడగని సందర్భాలు కూడా ఉంటాయి. మున్సిపాలిటీల్లో 2020 టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక 600 గజాల లోపు స్థలంలో, పది మీటర్ల ఎత్తు లోపు ఇల్లు కట్టుకునేవాడు తానే ధ్రువీకరించుకుని వెంటనే అనుమతి తీసుకోవచ్చు. అక్కడ ఇరుగుపొరుగు కళ్లే కాపలా. కట్టేవాళ్లు హద్దు దాటి పునాది తీస్తున్నారని అనిపిస్తే, పునాది దశలోనే వెళ్లి చెప్పండి. స్లాబు వేశాక చెబితే ఇద్దరికీ నష్టమే.

9. వద్దనాల్సిన చోట నిలబడి వద్దనండి

కొన్నిటికి షరతులు చాలవు. ఊరి తాగునీరు పోయే పని, శ్మశానమో దేవరగుట్టో పోయే పని, గిరిజనుడి నేల చేతులు మారే పని, అడవిని తిరిగి రాకుండా చేసే పని. వీటికి ఎంత డబ్బిచ్చినా, ఎన్ని ఉద్యోగాలు చెప్పినా వద్దనే చెప్పాలి. అలా చెప్పే బలం చట్టం మనకిచ్చింది. 1996 పెసా చట్టం ఏజెన్సీలో గ్రామసభకు ఆ స్థానం ఇచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందు సభ సిఫారసు తప్పనిసరి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని ప్రైవేటు గని కంపెనీలకు లీజుకివ్వకూడదని తీర్పు చెప్పింది. ఆ కేసు విశాఖ మన్యంలోని బొర్రా ప్రాంతం నుంచి వచ్చింది. 2013లో ఒడిశా నియమగిరి కొండల్లో, సుప్రీంకోర్టు ఆదేశం మీద జరిగిన పన్నెండు గ్రామసభలూ బాక్సైట్ తవ్వకానికి వద్దని చెప్పాయి. కొండ మిగిలింది.

మూడో పాఠంలో చెప్పిన అటవీ హక్కుల చట్టమైతే బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి, రోడ్డు, కరెంటు లైను, చిన్న చెరువు వంటి పదమూడు రకాల పనులకు, ఒక్కోదానికి హెక్టారు లోపు అడవి నేలను గ్రామసభ సిఫారసుతో వాడుకోనిస్తుంది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. అంటే చట్టమే గ్రామసభకు రెండు చేతులూ ఇచ్చింది. అంగన్‌వాడీకి చెయ్యెత్తే సభకే గనికి అడ్డం నిలిచే అర్హత ఉంటుంది. అన్నిటికీ వద్దనే సభ మాట ఏ ఆఫీసులోనూ చెల్లదు.

10. చెప్పాక కూడా వాళ్లు మన పొరుగువాళ్లే

వద్దని చెప్పాల్సి వస్తే కారణం ముఖం మీద, అందరి ముందూ, మర్యాదగా చెప్పండి. వీలైతే ఏం మారిస్తే ఒప్పుకుంటామో అదీ చెప్పండి. చాటున ఎమ్మార్వో ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరాలు రాయడం ఊరిని కుళ్లబెడుతుంది. సరే అని చెప్పినదాన్ని కూడా వదిలేయకండి. పని మొదలయ్యాక ఒకసారి, ఒక వానాకాలం గడిచాక ఒకసారి సభలో ఆ షరతుల జాబితా తీసి చదవండి. ఎవరు పాటించారో వాళ్లను అందరి ముందూ మెచ్చుకోండి. తప్పినవాళ్లకు గడువు ఇచ్చి రాతపూర్వకంగా గుర్తు చేయండి.

ఈ పాఠాలన్నీ పాటించడానికి పదవి అక్కర్లేదు, చదువు కూడా పెద్దగా అక్కర్లేదు. పక్కవాడి బతుకు పెరగాలన్న మనసు, మన తర్వాత ఈ నేల మీద ఉండేవాళ్లకు జవాబు చెప్పాలన్న భయం, ఈ రెండూ ఒకేసారి ఉంటే చాలు. ఊరికి ఈ పదేళ్లలో వచ్చే పనులు మా తరం చూసినవాటికన్నా పెద్దవి. రేపు గ్రామసభ అనగానే పొలం పని కాస్త ఆపుకుని వెళ్లండి. అర్జీ చదివించుకోండి, ప్రశ్న అడగండి, అడిగింది పుస్తకంలోకి ఎక్కిందో లేదో చూసుకునే ఇంటికి రండి.